మట్టి, రంగు, సిమెంటు: రామకింకర్ బైజ్

పోయిన ఏడాది మన బడి వార్షికోత్సవంలో నాటకానికి తోటి పిల్లలందరికీ వేషాలు దిద్దిన అమ్మాయి, మర్నాడు నా దగ్గరికి వచ్చి ఒక సంగతి అడిగింది. ముఖాలకు రంగులు వేయడమూ ఇష్టమే, మట్టితో బొమ్మలు చేయడమూ ఇష్టమే. ఏదో ఒకటి తేల్చుకోమని ఇంట్లో అంటున్నారు. ఏ దారిన పోవాలి? ఆలోచించి చెబుతానన్నాను. చెప్పేలోగా వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. ఆలస్యమైనా, నా జవాబు ఇదీ.

బెంగాల్‌లోని బాంకురాలో 1906లో రామకింకర్ పుట్టారు. క్షౌరవృత్తి చేసుకునే పేద కుటుంబం. చిన్నప్పుడే విగ్రహాలు చేసేవాళ్ల పక్కన కూర్చుని మట్టి పని నేర్చుకున్నారు. ఊళ్లో నాటకాలు ఆడితే తెరలు చిత్రించారు. సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో నాయకుల బొమ్మలు గీశారు. ఏ పని దొరికితే ఆ పని. ఇది నా పని కాదని దేన్నీ తోసెయ్యలేదు.

ఆ పనితనం పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ కంటపడింది. ఆయన చొరవతో 1925లో, పందొమ్మిదేళ్ల వయసులో, రామకింకర్ శాంతినికేతన్ కళాభవనంలో చేరారు. అక్కడ నందలాల్ బోస్ గురువు. మన తెలుగు చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావుగారు కూడా తరవాతి రోజుల్లో అక్కడే చదువుకున్నారు. టాగూర్ నాటకం వేస్తే రంగస్థలం, దుస్తులు, వేషాలు అన్నీ కళాభవనం వాళ్ల చేతుల మీదుగా జరిగేవి. రామకింకర్ రంగాలంకరణ చేశారు, నటించారు, పాడారు, నాటకాలకు దర్శకత్వం కూడా వహించారు. మరోపక్క శిల్పం వదల్లేదు.

ఈ రెండింటికీ పొత్తు ఏమిటంటారా? వేషం వేసినప్పుడు గమనించండి. వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా కనబడాలని కనుబొమలు, చెంపల నీడలు పెద్దవి చేసి దిద్దుతాం. ఆరుబయట నిలబెట్టే విగ్రహానికీ అదే అవసరం. దూరం నుంచి చూసేవాడికి సన్నని చెక్కుడు కనబడదు, వెలుగునీడలే కనబడతాయి. రామకింకర్ శిల్పాల మీద కనిపించే గరుకుదనం, ఎత్తుపల్లాలు ఆ పనే చేస్తాయి.

కంచు పోత పోయాలంటే డబ్బు కావాలి. అది లేక సిమెంటులో ఎర్ర గులకరాళ్లు కలిపి వాడారు. 1938లో అలా చేసిందే సంథాల్ కుటుంబం. భర్త భుజాన కావడి, ఆ తట్టలో బిడ్డ. భార్య నెత్తిన బుట్ట. పక్కనే నడిచే కుక్క. ఉన్నదంతా మోసుకుని మరో చోటికి పోతున్న కుటుంబం అది. పెట్టెలు సర్దుకోవడం ఎరిగిన మనకు ఆ శిల్పం అర్థం కావడానికి వేరే పాఠం అక్కర్లేదు. అంతవరకూ రాజులకూ దొరలకూ దక్కిన నిలువెత్తు విగ్రహాలు, అలా కూలివాళ్లకు దక్కాయి.

మిల్లు పిలుపు అనే శిల్పం 1956 నాటిది. కూత వినగానే ఇద్దరు ఆడవాళ్లు పనికి పరుగెడుతుంటారు. ఒకామె చీర గాలికి ఎగురుతుంటుంది. మన భిలాయిలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులే అవి. ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. షిఫ్టు మారే వేళ సైకిళ్ల బారు చూసినప్పుడల్లా నాకు ఆ శిల్పం గుర్తుకొస్తుంది.

ఢిల్లీలో రిజర్వు బ్యాంకు ముందున్న యక్ష యక్షిణులు కూడా ఆయన పనే. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1980 ఆగస్టు 2న కన్నుమూశారు. పేరు వచ్చినా డబ్బు వెనకేసుకోలేదు, చివరిదాకా సాదాగానే బతికారు. ఆ సంగతి కూడా మీకు తెలియాలి. ఈ దారిలో సుఖం ఉంటుందని నేను మాట ఇవ్వలేను.

కానీ ఒకటి చెప్పగలను. దారి ముందే తెలుసుకుని రామకింకర్ బయల్దేరలేదు. చేతిలో ఉన్న పనులన్నీ శ్రద్ధగా చేసుకుంటూ పోతే దారి అదే పడింది. ఆ అమ్మాయి చిరునామా మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, ఈ పేజీ తనకు పంపించండి. రంగుల పెట్టె, మట్టిముద్ద, రెండూ సామానులో సర్దుకోమని నేను చెప్పానని చెప్పండి.