కార్మికుల మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్

మన జీతం చీటీలో సోషల్ సెక్యూరిటీ పేరుతో ప్రతిసారీ కొంత కోత పడుతుంది కదా. గంటల లెక్కన పనిచేసేవాళ్లలో చాలామందికి వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలని చట్టం కూడా ఉంది. ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి ఫ్రాన్సెస్ పెర్కిన్స్.

ఆమె 1880లో బోస్టన్‌లో పుట్టారు. బద్ధకం, తాగుడు వల్లే పేదరికం వస్తుందని వింటూ పెరిగారు. కాలేజీలో ఉండగా టీచరుగారు మిల్లులు చూపించడానికి తీసుకెళ్లారు. ఒళ్లు వంచి పనిచేస్తున్నా కడుపు నిండనివాళ్లు అక్కడ కనిపించారు. అప్పట్నుంచీ ఆమె ఆలోచన మారింది. 1910లో కొలంబియా యూనివర్సిటీలో ఎం.ఏ. పూర్తి చేశారు.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ అంటుకుంది. దగ్గర్లోనే ఉన్న పెర్కిన్స్ పరుగున వెళ్లారు. లోపల ఒక తలుపుకి తాళం. మంటలకి ఆగలేక పై అంతస్తుల నుంచి దూకుతున్న ఆడపిల్లల్ని కళ్లారా చూశారు. 146 మంది పోయారు. ఎక్కువమంది పొట్టకూటికి వలసొచ్చిన యూదు, ఇటాలియన్ పిల్లలే. సరుకు దొంగతనం పోకూడదని యజమానులు వేయించిన తాళం అది. గుడ్డకి కట్టిన విలువ మనిషికి కట్టలేదు.

1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆమెను కార్మికశాఖ మంత్రిని చేశారు. అమెరికాలో తొలి మహిళా మంత్రి ఆమే. చేయదలచిన పనులన్నీ ముందే చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే పదవి తీసుకున్నారు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం, 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం వచ్చాయి. ఒక వలస కార్మిక నాయకుణ్ణి దేశం నుంచి పంపెయ్యలేదని 1939లో ఆమె మీద అభిశంసన తీర్మానం పెట్టారు. అది నెగ్గలేదు. 1945 దాకా మంత్రిగానే ఉన్నారు. 1965లో కన్నుమూశారు.

అయితే పొలం కూలీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు మొదట్లో ఆ చట్టాల బయటే ఉండిపోయారు. మన సంగతీ చూడండి. పింఛను రావాలంటే మామూలుగా పదేళ్ల పని ఉండాలి. భారత్, అమెరికాల మధ్య దీనిపై ఒప్పందం లేదు. ముందే ఊరికి తిరిగెళ్లినవాళ్లకి కట్టిన డబ్బు పింఛనుగా రాదు. పెర్కిన్స్ మొదలుపెట్టిన పని ఇంకా మిగిలే ఉంది.

అందుకే జీతం చీటీలు దాచుకోండి. చేసిన గంటలు రాసుకోండి. పనిచోట బయటికెళ్లే తలుపుకి తాళం కనబడితే ఊరుకోకండి, అడగండి.