ఎముకల మీద ఓనమాలు – ఒక కెనడా ఇంజనీరు కథ

ఆ మధ్య లంచ్ టైములో మా ఆఫీసు చైనా మిత్రుడు నాప్కిన్ మీద ఒక చెట్టు గీశాడు. అది మూ, అంటే చెట్టు. రెండు చెట్లు పక్కపక్కన పెడితే లిన్, అంటే తోపు. సూర్యుడి పక్కన చంద్రుణ్ణి చేరిస్తే మింగ్, అంటే వెలుగు. అన్నీ ఇలా బొమ్మలే అనుకునేరు! చాలా అక్షరాల్లో ఒక ముక్క అర్థాన్ని, ఇంకో ముక్క ఉచ్చారణను సూచిస్తాయట. ఆ ముక్కల పుట్టుక గురించి చదువుతుంటే తగిలిన పేరు జేమ్స్ మెలన్ మెంజీస్. మన ఒంటారియో వాడే!

1885లో క్లింటన్ అనే ఊళ్ళో పుట్టిన మెంజీస్ టొరాంటో విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, సర్వే పని చేసి, తర్వాత మత ప్రచారకుడిగా 1910లో చైనా వెళ్ళారు. 1914లో ఒకనాడు ఆన్యాంగ్ దగ్గర గుర్రం మీద పోతుంటే పొలాల్లో పాత పెంకులు కనిపించాయి. అక్కడి పిల్లలు గీతలున్న ఎముక ముక్కలు చూపించారు. అది షాంగ్ రాజుల చివరి రాజధాని. సుమారు 3,200 ఏళ్ళ క్రితం ఆ రాజులు ఎద్దు భుజం ఎముకలనూ తాబేలు చిప్పలనూ కాల్చి, పగుళ్ళను బట్టి జోస్యం చూసేవారు. వాన పడుతుందా, పంట పండుతుందా అన్న ప్రశ్నలను వాటి మీదే చెక్కించేవారు. చైనా లిపికి మనకు దొరికిన తొలి పెద్ద ఆధారం అదే. 1899లో పండితులు గుర్తించేదాకా జనం వాటిని డ్రాగన్ ఎముకలని మందుల్లోకి నూరేవారు.

మొదట్లో మెంజీస్ కూడా నకిలీలు కొని మోసపోయారు. పెద్ద ముక్కలు కొన్నాళ్ళకే కంపు కొట్టాయి! దాంతో ఎవరూ పట్టించుకోని చిన్న ముక్కల మీదికి దృష్టి మళ్ళించారు. 1917లో 2,369 ముక్కల గీతలను స్వయంగా చేత్తో గీసి పుస్తకంగా వేశారు. తర్వాత షాన్‌డాంగ్‌లోని చీలూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

1936లో సెలవు మీద కెనడా వచ్చారు. మరుసటి ఏడాది జపాన్ యుద్ధం మొదలై తిరుగు దారి మూసుకుపోయింది. వేల ఎముకలు అక్కడే ఉండిపోయాయి. ఆయన రాయల్ ఒంటారియో మ్యూజియంలో పనిచేసి, 1942లో డాక్టరేట్ పొంది, 1957లో కన్నుమూశారు. ఆయన సేకరణలో ఎక్కువ భాగం నేటికీ చైనా మ్యూజియాల్లోనే ఉంది. చైనావాళ్ళు ఆయన్ని పిలిచే పేరు మింగ్ ఈష్. అందులోని మింగ్, నాప్కిన్ మీది ఆ సూర్యచంద్రుల అక్షరమే.

మా బేస్‌మెంటులో తాతగారు నాన్నకు రాసిన కార్డుముక్కల కట్ట ఒకటి ఉంది. మా అమ్మాయికి తెలుగు మాటలు వచ్చు, అక్షరాలు రావు. ఇంకొకరి భాష కోసం ఎముక ముక్కలు ఏరిన మనిషి గురించి చదివాక, నా ఇంట్లోని ముక్కలు ఎవరు చదువుతారా అనిపించింది. ఈ ఆదివారం ఆ కట్ట విప్పుతున్నాం, అ ఆలతో సహా.