సైన్సు చెప్పిన కోచ్

స్వర్ణోత్సవ సంచికకు ఆటల మీద ఏదైనా రాయమన్నారు. మన బడి గెలిచిన కప్పుల సంగతి వేరే పేజీల్లో ఎలాగూ ఉంటుంది. పాతికేళ్లు పి.డి.గా పనిచేసినవాణ్ణి కనుక, నాకు నచ్చిన ఒక మాస్టారి గురించి రాస్తాను. పేరు విన్స్ లొంబార్డి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు తెలిసిన పేరే. ఇక్కడివాళ్లకు ఒక్క మాట: ఆయనది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని, ఎదుటివాళ్లను గుద్దుకుంటూ, గజం గజం ముందుకు జరిగే ఆట.

1913లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాల్లో పుట్టారు. తండ్రిది మాంసం వ్యాపారం. ఐదుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. పదిహేనో ఏట, గురువు కావాలని సెమినరీ బడిలో చేరారు. అది ఆరేళ్ల చదువు. అక్కడివాళ్లకు ఫుట్‌బాల్ గిట్టదు, ఈయనకు అది లేనిదే గడవదు. నాలుగేళ్లకు బయటికి వచ్చేశారు. మన ఊళ్లలో సెమినరీ నుంచి తిరిగొచ్చిన కుర్రాణ్ణి ఎలా చూస్తారో మీకు తెలుసు. ఆయన మాత్రం గురుత్వం వదిలారు గానీ గుడి వదల్లేదు.

తర్వాత యేసు సభ గురువులు నడిపే ఫోర్డ్‌హమ్ విశ్వవిద్యాలయం. 1936లో ఆ జట్టు ముందు వరుసలో నిలిచిన ఏడుగురిని గ్రానైట్ దిమ్మెలనేవారు. అందులో పొట్టివాడైన లొంబార్డి ఒకరు. 1937లో పట్టా వచ్చాక రెండేళ్లు దారి తెలియలేదు. ఒక ఫైనాన్స్ కంపెనీలో పని, కొన్నాళ్లు లా చదువు. రెండూ అతకలేదు.

1939లో న్యూజెర్సీ రాష్ట్రం ఎంగిల్‌వుడ్‌లోని సెయింట్ సిసీలియా హైస్కూల్లో చేరారు. అది విచారణ బడి. పగలు లాటిన్, ఫిజిక్స్, కెమిస్ట్రీ పాఠాలు, సాయంత్రం ఫుట్‌బాల్. బాస్కెట్‌బాల్ కూడా ఆయన నెత్తినే పెట్టారు. ఎనిమిదేళ్లు అక్కడే. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మన బడుల్లో డ్రిల్లు మాస్టారంటే లెక్కల మాస్టారి కన్నా ఒక మెట్టు కిందే కదా! ఆయన రెండు పనులనూ ఒకే పద్ధతిలో చేశారు. తరగతిలో వెనకబడ్డ కుర్రాడికి కూడా అర్థమయ్యేదాకా చెప్పడం, మైదానంలో అదే ఎత్తును మళ్లీ మళ్లీ ఆడించడం. తర్వాత పెద్ద జట్లకు వెళ్లినా ఒక్క ఎత్తు గురించి గంటల తరబడి బోర్డు మీద గీసి చెప్పేవారంటే, ఆ అలవాటు ఈ బడిదే.

మళ్లీ ఫోర్డ్‌హమ్, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ, న్యూయార్క్ జెయింట్స్: అన్నిచోట్లా సహాయకుడిగానే. తన ఇటాలియన్ ఇంటిపేరే అడ్డు పడుతోందేమోనని ఆయనకు అనుమానం. ప్రొఫెషనల్ జట్టుకు ప్రధాన కోచ్ అయ్యేసరికి నలభై ఐదేళ్లు. 1959లో దొరికిన ఆ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్, అంతకుముందు ఏడాది పన్నెండు ఆటల్లో ఒక్కటే గెలిచింది. ఈయన వచ్చిన ఏడాదే ఏడు గెలిచింది. ఆ తర్వాత 1961, 62, 65, 66, 67లలో లీగ్ విజేత. మొదటి రెండు సూపర్ బౌల్‌లూ వాళ్లవే.

ఆ ఊళ్లో ఉన్నంతకాలం రోజూ పొద్దున్నే సెయింట్ విల్లిబ్రార్డ్ గుడిలో పూజకు వెళ్లి, తర్వాతే పనిలోకి. ఇది భక్తి ప్రదర్శన కాదని నా అభిప్రాయం. ఆయనకు కోపం విపరీతం. ఆటగాళ్లను చెడామడా తిట్టేవారు. ఆ కోపం తగ్గాలని ప్రార్థించేవారు. సాయంత్రానికి మళ్లీ అరుపులే. భార్యకూ ఇద్దరు పిల్లలకూ మిగిల్చిన సమయం తక్కువ. అరిచే కోచ్‌లు ఆయన పేరు చెప్పుకోవడం నేను చూశాను. వాళ్లు మరో సంగతి చెప్పరు: నల్లజాతి ఆటగాళ్లను రానివ్వని హోటల్లో తన జట్టు దిగదని ఆయన పట్టుబట్టారు. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు.

1969లో వాషింగ్టన్ జట్టుకు వెళ్లారు. ఒక్క సీజనే. పేగు క్యాన్సర్‌తో 1970 సెప్టెంబరు 3న పోయారు. వయసు యాభై ఏడు. అంత్యక్రియల పూజ న్యూయార్క్ సెయింట్ ప్యాట్రిక్ కెథడ్రల్‌లో జరిగింది. సూపర్ బౌల్ విజేతకు ఇచ్చే వెండి ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. మనకు సోమవారం తెల్లవారుజామున టీవీలో కనిపించే ట్రోఫీ అదే.