పగడపు దీవిలో డార్విన్

చార్లెస్ డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి పేరుపొందిన వైద్యుడు. కుమారుని కూడ వైద్యుని చేయదలచి ఆయన అతనిని ఎడింబరోకు పంపెను. కాని మత్తుమందులు లేని ఆ దినములలో రోగుల ఆక్రందనమును భరింపలేక డార్విన్ శస్త్రచికిత్సాశాలనుండి పరుగెత్తి వచ్చెను. పిమ్మట మతగురువు కావలెనని కేంబ్రిడ్జిలో చేరెను. అచ్చటను పాఠములకంటె పురుగులను సేకరించుటయందే అతనికి మక్కువ హెచ్చుగా నుండెను.

1831 డిసెంబరు 27వ తేదీన బీగిల్ అను చిన్న ఓడ సముద్రయాత్రకు బయలుదేరెను. ప్రకృతిశాస్త్ర పరిశీలనకై డార్విన్ అందు చేరెను. తండ్రి మొదట సమ్మతింపకున్నను, మేనమామ నచ్చజెప్పి ఒప్పించెను. రెండేండ్లని తలచిన యాత్ర దాదాపు ఐదేండ్లు సాగెను. సముద్రము పొంగినప్పుడెల్ల వాంతులతో పడియుండుటయు, నేల కనబడగానే ఉత్సాహముతో దిగి తిరుగుటయు అతనికి పరిపాటి యయ్యెను. గలపాగస్ దీవులలో అతడు చూచిన పక్షుల కథ లోకప్రసిద్ధము. పగడపు దీవుల కథ అంత ప్రసిద్ధము కాదు.

ఉష్ణసముద్రములలో అచ్చటచ్చట వలయమువంటి దీవులు కలవు. అరేబియా సముద్రమునందలి లక్షదీవులు ఇట్టివే. వెలుపల అగాధమైన కడలి. లోపల నిశ్చలమైన ఉప్పునీటి మడుగు. నడుమ సన్నని పగడపు గట్టుపై కొబ్బరిచెట్లు. ఈ గట్టును కట్టునవి పగడపు పురుగులు. ఇవి నీటిలోని సున్నమును గ్రహించి తమ గూళ్లను నిర్మించుకొనును. ఐతే గట్టును కట్టు జాతులు వెలుతురు సోకు లోతులేని నీటిలోనే వర్ధిల్లును. అట్లయినచో అగాధమునుండి ఈ గోడ ఎట్లు లేచినది? మునిగిపోయిన అగ్నిపర్వతముల ముఖముల అంచులపై పగడములు పెరిగినవని భూగర్భశాస్త్రజ్ఞుడు లయల్ వ్రాసియుండెను. డార్విన్ లయల్‌ను గురువువలె గౌరవించెడివాడు. ఐనను పెక్కు మైళ్ల పొడవుగల అగ్నిపర్వత ముఖములు అన్ని యుండుటయు, అవి యన్నియు నీటిమట్టమునకు సమముగా వచ్చి నిలుచుటయు అతనికి నమ్మశక్యముగా తోచలేదు.

1835 ఫిబ్రవరి 20వ తేదీన చిలీదేశమున ఘోరమైన భూకంపము వచ్చెను. తీరభూమి కొన్ని అడుగులు పైకి లేచుటను డార్విన్ గుర్తించెను. నేల ఒకచోట లేచినచో మరియొకచోట సముద్రపు అడుగు క్రుంగవలెను గదా! కొండదీవి యొకటి మెల్లమెల్లగా క్రుంగుచుండగా, దాని తీరమునంటిన పగడములు వెలుతురుకై పైపైకి పెరుగుచుండును. మొదట దీవికిని గట్టునకును నడుమ నీరు చేరును. తుదకు కొండ మునిగిపోయి వలయము మాత్రము మిగులును. ఇది అతని ఊహ. విచిత్రమేమనగా, ఈ ఊహ కలిగిననాటికి అతడు ఒక్క పగడపు దిబ్బనైనను కన్నులార చూచియుండలేదు. ఆ సంవత్సరము నవంబరులో తాహితీ దీవి కొండయెక్కి, ఎదుటి దీవిని చుట్టియున్న పగడపు గట్టును చూచెను. కాని నిజమైన వలయద్వీపముపై అడుగిడనిదే ఆ ఊహకు పరీక్ష లేదు.

ఆ అవకాశము 1836 ఏప్రిల్ 1వ తేదీన లభించెను. సుమత్రాకు సుమారు 600 మైళ్ల దూరమున హిందూమహాసముద్రములో నున్న కీలింగ్ దీవులను ఓడ చేరెను. వీనినే కోకోస్ దీవులందురు. అచ్చటి జనులలో హెచ్చుమంది మలయా జాతివారు. పేరునకు స్వతంత్రులైనను వారి బ్రతుకు బానిసల బ్రతుకే. దీవిలో మొక్కలు ఇరువది జాతులకు మించి అతనికి కనబడలేదు. వానిలో అనేకములు అలలపై తేలివచ్చిన విత్తులనుండి మొలచినవే. పందులకును కోళ్లకును కొబ్బరియే ఆహారము. ఒక పెద్ద పీత కూడ కొబ్బరి తిని బ్రతుకును. అది కాయ పీచును పోగుపోగుగా లాగివైచి, బలమైన డెక్కలతో కొబ్బరి కన్నుపై కొట్టి రంధ్రము చేయునని అచ్చటివారు డార్విన్‌కు చెప్పిరి. తెల్లని చిన్న సముద్రపక్షులు మనుష్యులకు జంకక అతని తలకు కొన్ని అడుగుల ఎత్తుననే ఎగురుచు తేరిపార చూచుచుండెను.

మడుగులో తాబేళ్లను పట్టు విధమును డార్విన్ పడవనుండి చూచెను. తాబేలు అలసి వేగము తగ్గగానే పడవ కొననున్న మనిషి దాని వీపుపైకి దూకి మెడవద్ద చిప్పను పట్టుకొనును. అది ఈడ్చుకొనిపోవుచున్నను విడువడు. అద్దమువంటి నీటిలో పగడములును వాని నడుమ తిరుగు రంగురంగుల చేపలును కనబడుచుండెను. కొన్ని చేపలు పగడములను కొరికి తినుట గమనించి డార్విన్ వానిని కోసి చూచెను. ప్రేవుల నిండ సున్నపు ఇసుక యుండెను.

వెలుపలి అంచు చూచుట సులభము కాదు. అచ్చట పెనుకెరటములు ఎల్లవేళల విరుగుచుండును. సముద్రము మిక్కిలి ప్రశాంతముగానున్న రెండు పర్యాయములు, పాటు వేళ చూచుకొని, పొడవైన గడకఱ్ఱ ఊతగా దుముకుచు అతడు అంచుదాక పోయెను. కెరటములు విరుగుచున్న ఆ చోటనే పగడములు సజీవములై యుండెను.

నీటి లోతును కొలుచుట ఓడ నాయకుడైన ఫిట్జ్‌రాయ్ పని. సీసపు గుండు అడుగున కొవ్వు రాచి దించిరి. పది బారల లోతులోపల కొవ్వుపై సజీవ పగడముల అచ్చులు పడెను, ఇసుక అంటలేదు. లోతు హెచ్చినకొలది అచ్చులు తగ్గి ఇసుక హెచ్చెను. ఇరువది ముప్పది బారలు దాటిన పిదప అంతయు ఇసుకయే. తీరమునకు 2,200 గజముల దూరమున 7,200 అడుగుల త్రాడు వదలినను అడుగు తగులలేదు. పగడములు పైననే బ్రతుకును. గోడ మాత్రము అగాధమునుండి లేచియున్నది. క్రుంగుట తప్ప వేరు మార్గము డార్విన్‌కు కనబడలేదు. మడుగు తీరమున వేళ్లు కోసుకొనిపోయి ఒరిగిన కొబ్బరిచెట్లను కూడ అతడు ఇందుకు సాక్ష్యముగా తలచెను. కాని అట్టి కోతకు అలలే కారణమై యుండవచ్చును.

ఏప్రిల్ 12వ తేదీన బీగిల్ కీలింగును విడిచెను. 1837లో డార్విన్ తన సిద్ధాంతమును లండనులోని భూగర్భశాస్త్ర సంఘమువారి యెదుట చదివెను. లయల్ తన పూర్వాభిప్రాయమును సంతోషముగ విడిచిపెట్టెను. పగడపు దిబ్బలపై డార్విన్ గ్రంథము 1842లో వెలువడెను. ఐనను పండితులందరును ఒప్పుకొనలేదు. ఎవరైన ధనవంతుడు ఒక వలయద్వీపమున లోతుగా తొలిపించి లోపలి రాయిని పైకి తెప్పించిన బాగుండునని డార్విన్ వృద్ధాప్యమున కోరుకొనెను. ఆ కోరిక తీరకయే 1882 ఏప్రిల్ 19వ తేదీన మరణించెను.

తరువాత పసిఫిక్ సముద్రమునందలి ఫునాఫుటీ దీవిలో శాస్త్రజ్ఞులు 1,114 అడుగుల లోతువరకు తొలిచిరి. పగడపు సున్నమే తప్ప కొండరాయి తగులలేదు. 1952లో అమెరికావారు తమ అణ్వస్త్ర ప్రయోగములకు ఎంచుకొనిన ఎనివెటోక్ వలయద్వీపమున మరల తొలిచిరి. నాలుగువేల అడుగులకు పైగా పగడపు సున్నమును దాటిన పిదప, తొలిచెడి సాధనమునకు నల్లని అగ్నిపర్వత శిల తగిలెను.