ఆచార్య డోనాల్డ్ హెబ్

మనస్తత్వశాస్త్రము చదువుకొను మన విద్యార్థులకు డోనాల్డ్ హెబ్ పేరు క్రొత్తది కాదు. మెదడులోని ఒక నాడీకణము మరియొకదానిని మాటిమాటికి ప్రేరేపించినచో ఆ రెంటి నడుమ సంబంధము బలపడుననియు, నడచిన కొలది కాలిబాట ఏర్పడినట్లే మనకు విద్య అలవడుననియు ఆయన 1949లో వెలువరించిన గ్రంథములో ప్రతిపాదించారు. పరీక్షకు ఇంతవరకు చాలును. కాని ఆయన జీవితములో పాఠ్యపుస్తకములు సాధారణముగా విడిచిపెట్టు ఘట్టమొకటి ఉన్నది. దానినే ఇచ్చట కొంత విపులముగా చెప్పదలచినాము.

హెబ్ 1904 జూలై 22న కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రమున చెస్టర్ అను ఊరిలో జన్మించారు. తల్లిదండ్రులిరువురును వైద్యులు. నవలలు వ్రాయవలెనని ఆయన కోరిక. బ్రతుకుతెరువు మాత్రము బడిపంతులు ఉద్యోగమైనది. తుంటికి క్షయ సోకి మంచము పట్టారు. 1933లో మొదటి భార్య కారు ప్రమాదమున మరణించినది. ఇన్ని దెబ్బలు తిన్న పిమ్మట 1936లో హార్వర్డ్ నుండి డాక్టరేట్ పొంది, 1947లో మాంట్రియల్ నగరములోని మెగిల్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైనారు.

అది కొరియా యుద్ధకాలము. శత్రువుల చెరలో చిక్కినవారు చేయని నేరములను ఒప్పుకొనుటకు కారణమేమో ప్రభుత్వములకు అంతుపట్టలేదు. బ్రెయిన్‌వాషింగ్ అను మాట అప్పుడే పుట్టినది. 1951 జూన్ 1న మాంట్రియల్‌లోని రిట్జ్ కార్ల్‌టన్ హోటలులో ఒక రహస్య సమావేశము జరిగినది. బ్రిటన్ నుండి సర్ హెన్రీ టిజార్డ్, కెనడా రక్షణ పరిశోధన మండలి అధ్యక్షుడు ఒమండ్ సొలాండ్ట్, అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. మనుషులు హాజరైనారు. హెబ్ కూడ ఆ బల్ల ముందు కూర్చున్నారు. మనిషిని ఇంద్రియానుభవమునకు దూరము చేసినచో మనస్సు ఏమగునో చూడవచ్చునని అక్కడ ఆలోచన సాగినది. అనంతరము కెనడా రక్షణ మండలి ఏటా 10,000 డాలర్ల చొప్పున సొమ్మిచ్చినది.

ప్రయోగమునకు వచ్చినవారు మెగిల్ విద్యార్థులే. రోజుకు 20 డాలర్లు. అది వారు మామూలుగా సంపాదించగలదానికి రెట్టింపు పైమాటే. ఫీజు కట్టుకొను పిల్లవాడు ఆశపడుటలో వింతలేదు. చిన్న గదిలో మెత్తని పరుపు, కన్నులకు వెలుతురు తప్ప ఆకారము కనబడని అద్దములు, చేతులకు తొడుగులు, చెవులకు యంత్రపు హోరు. భోజనమునకును కాలకృత్యములకును తప్ప లేచుట లేదు. సుఖముగా నిద్రించవచ్చునని వచ్చినవారిలో చాలమంది రెండు మూడు దినములకు మించి నిలువలేకపోయారు. ఆలోచన చెదిరినది; లేని దృశ్యములు కన్నులకు కట్టినవి. ఒకనికి భుజములపై సంచులు మోయు ఉడుతల బారు కనబడినదట. దయ్యములను గూర్చిన రికార్డులు వినిపించగా, బయటకు వచ్చిన పిమ్మట వానిని నమ్మసాగినవారును ఉన్నారు.

1954లో ఫలితములు అచ్చైనవి. రాడార్ తెరను గంటలకొలది చూచువారికి కలుగు ఏమరపాటును గూర్చి ఈ పరిశోధన అని లోకమునకు చెప్పినారు. అసలు ఉద్దేశ్యమును వెల్లడించుటకు అనుమతి లేదు. మేము ఇచ్చట ఆగక తప్పదు. ఎప్పుడైనను లేచిపోవు స్వేచ్ఛ ఆ విద్యార్థులకు ఉన్నమాట నిజమే. అయినను తాము దేనికొరకు పడుకొన్నారో తెలియనివారి సమ్మతిని సంపూర్ణ సమ్మతి అనుటకు మాకు నోరు రాదు. శాస్త్రవేత్త తన కారణమును తానే దాచుకొనవలసి వచ్చుట హెబ్‌కును ఇష్టమై ఉండదు. 1958లో హార్వర్డ్‌లో జరిగిన సదస్సులో, పని బ్రెయిన్‌వాషింగ్ సమస్యతోనే మొదలైనదని, ఆ మాట ముందు వ్రాయనీయలేదని ఆయనే బహిరంగముగా ఒప్పుకొన్నారు.

అప్పటికే అదే విశ్వవిద్యాలయములో డాక్టర్ యూయెన్ కామెరాన్ సి.ఐ.ఏ. సొమ్ముతో రోగులపై ఘోరమైన ప్రయోగములు సాగించుచుండెను. ఆ సొమ్ము వేరొక సంఘము పేరిట వచ్చినది. 1977 వరకు లోకమునకు తెలియలేదు. రోగులను ఎవరును అడుగలేదు. ఇరువురిని ఒకే గాటన కట్టుట న్యాయము కాదు. కామెరాన్ పనిని హెబ్ తరువాత తీవ్రముగా ఖండించారు.

హెబ్ 1960లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘమునకు అధ్యక్షులుగాను, 1970 నుండి 1974 వరకు మెగిల్ ఛాన్సలర్‌గాను ఉండి, 1985 ఆగస్టు 20న స్వరాష్ట్రములో కన్నుమూశారు. ఆ హోటలు సమావేశపు వివరములు మరుసటి ఏడు కెనడా ప్రభుత్వము వ్రాయించిన నివేదికలో బయటపడినవి.