మచ్చల మొక్కజొన్న – బార్బరా మెక్‌క్లింటాక్ జీవితం

వార్షికోత్సవ సంచికలో ఒక గొప్పవారి జీవితం వేసుకోవడం మనకు అలవాటే. ఈసారి మేము ఒక శాస్త్రవేత్త గురించి రాస్తున్నాం. వానాకాలంలో మనం బొగ్గుల మీద కాల్చుకు తినే మొక్కజొన్నతోనే జీవితమంతా గడిపి, నోబెల్ బహుమతి అందుకున్న బార్బరా మెక్‌క్లింటాక్ ఆమె.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో 1902 జూన్ 16న ఆమె పుట్టారు. నలుగురు పిల్లల్లో మూడో సంతానం. తండ్రి డాక్టరే గానీ అప్పటికింకా ప్రాక్టీసు నిలదొక్కుకోలేదు. ఇల్లు గడవడం కష్టమై, చిన్న బార్బరాను కొంతకాలం బ్రూక్లిన్‌లో బంధువుల ఇంట ఉంచారు. ఇలా పెరిగినవాళ్లు మన హాస్టల్లోనూ ఎందరో ఉన్నారు. హైస్కూలు అయ్యాక కాలేజీకి వెళ్తానంటే తల్లి వద్దన్నారు. ఎక్కువ చదివిన పిల్లకు పెళ్లికాదని ఆమె భయం. ఆ భయం మన ఊళ్లకే పరిమితం కాదన్నమాట. బార్బరా ఉద్యోగాలు చూపించే ఒక ఆఫీసులో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు గ్రంథాలయంలో చదువుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన తండ్రి తిరిగివచ్చి కూతురి వైపు నిలబడ్డారు. 1919లో ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయ వ్యవసాయ కళాశాలలో చేరారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి, ఆ చేరిన రోజు ఎలా ఉండి ఉంటుందో మాకు తెలుసు.

1927లో డాక్టరేట్ వచ్చింది. 1929 నాటికి మొక్కజొన్నలోని 10 క్రోమోజోములను మైక్రోస్కోపులో విడివిడిగా గుర్తుపట్టే పద్ధతి చూపించారు. 1931లో హారియెట్ క్రైటన్‌తో కలిసి, జన్యువులు మార్పిడి అయినప్పుడు క్రోమోజోము ముక్కలు కూడా నిజంగానే చేతులు మారతాయని రుజువు చేశారు. ఇంత చేసినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1936లో మిస్సోరి విశ్వవిద్యాలయంలో చేరారు గానీ, అక్కడ తనకు భవిష్యత్తు లేదని తోచి 1941లో న్యూయార్క్ దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనా కేంద్రానికి వెళ్లిపోయారు. అక్కడే చివరిదాకా ఉన్నారు.

ఆమె కనిపెట్టిన వాటిలో మాకు బాగా నచ్చింది తెగిన క్రోమోజోము కథ. ఎక్స్-కిరణాలు తగిలితే క్రోమోజోము తెగుతుంది. మామూలు కొసలు దేనికీ అంటుకోవు, తెగిన కొసలు మాత్రం అంటుకుంటాయి. కణం తన క్రోమోజోముకు నకలు తీసుకున్నప్పుడు తెగిన కొసలు రెండు తయారై, ఒకదానికొకటి అతుక్కుంటాయి. కణం విడిపోయే వేళ ఆ జంటను రెండు వైపుల నుంచీ లాగుతారు, తాడాటలో లాగినట్టు. మధ్యలో వంతెనలా సాగి, ఎక్కడో కొత్తచోట తెగుతుంది. ఒక పిల్లకణానికి కొన్ని జన్యువులు రెట్టింపు వస్తాయి, రెండోదానికి అసలు రావు. కొసలు మళ్లీ తెగినవే కాబట్టి తర్వాతి విభజనలో ఇదే తంతు.

ఈ తెగుళ్లను వెతుకుతుండగానే ఒక విచిత్రం కనబడింది. కొన్ని మొక్కల్లో 9వ క్రోమోజోము ఎప్పుడూ ఒకేచోట తెగుతోంది. ఆ చోట ఉన్న భాగానికి డిసోసియేషన్ అని, దాన్ని కదిలించే మరో భాగానికి యాక్టివేటర్ అని పేరుపెట్టారు. రెండూ స్థిరంగా ఉండేవి కావు, చోటు మారేవి. రంగు జన్యువులోకి ఆ భాగం దూరితే గింజ తెల్లబడుతుంది. గింజ పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో బయటికి వచ్చేస్తే, అక్కడ మాత్రం రంగు తిరిగివచ్చి మచ్చలు పడతాయి.

జన్యువులు దండలో పూసల్లా కదలకుండా ఉంటాయని నమ్మిన కాలం అది. 1950లో వ్యాసం రాశారు, 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో చెప్పారు. వినేవాళ్లకు అర్థం కాలేదు, కొందరు నమ్మలేదు. అప్పటికే ఆమె జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యురాలు, జెనెటిక్స్ సొసైటీకి అధ్యక్షురాలిగా పనిచేసినవారు. అంత పేరున్నా లాభం లేకపోయింది. 1953 తర్వాత ఆ విషయం మీద పత్రికలకు రాయడం దాదాపు మానేశారు. పొలం పని, లెక్కలు మాత్రం మానలేదు. 1960ల చివర్లో బాక్టీరియాలోనూ ఇలా గెంతే జన్యుభాగాలు బయటపడ్డాక లోకం ఆమె వైపు తిరిగింది. 1983లో, 81 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది. వైద్యరంగంలో ఆ బహుమతిని ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న స్త్రీ ఇప్పటికీ ఆమె ఒక్కరే.

మొక్కజొన్న పరిశోధనకు వైద్యంలో బహుమతి ఏమిటని తమ్ముళ్లు అడగొచ్చు. మన జన్యుపదార్థంలో సుమారు 45 శాతం ఇలాంటి గెంతే భాగాల నుంచి వచ్చిందేనని 2001లో తేలింది. వాటిలో ఇప్పుడు చాలామట్టుకు కదలవు. కదిలితే ఏమవుతుందో 1988లో తెలిసింది. ఇద్దరు పిల్లల్లో రక్తం గడ్డకట్టడానికి కావలసిన జన్యువులోకి అలాంటి భాగం దూరి, హీమోఫిలియా కలిగించింది. ఇక తెగడం, అతకడం, వంతెన, మళ్లీ తెగడం అన్న ఆ చక్రం క్యాన్సర్ కణాల్లో నడుస్తుంది. కణాన్ని పెంచే జన్యువు నకళ్లు పెరిగిపోవడానికి అదొక దారి.

1992 సెప్టెంబరు 2న, 90 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. 2011లో కొన్ని క్యాన్సర్లలో ఒక క్రోమోజోము ఒక్కదెబ్బకు పదుల ముక్కలై, ఇష్టం వచ్చినట్టు అతుక్కుపోయి కనిపించింది. దానికి క్రోమోథ్రిప్సిస్ అని పేరుపెట్టారు. అది జరిగే దారుల్లో ఒకటి ఆ వంతెనేనని 2015లో ప్రయోగశాలలో చూపించారు.