షష్టిపూర్తి చేసుకున్న పఠనమందిరానికి

హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌కు అరవయ్యేళ్లు నిండాయి. మనిషి షష్టిపూర్తికి బంధువులంతా చేరి అక్షింతలు వేస్తారు. గ్రంథాలయానికి ఆ అక్షింతలు వేయాల్సింది అక్కడ కూర్చుని చదివినవాళ్లూ, వాళ్ల దగ్గర పాఠాలు విన్నవాళ్లూ. ఆ రెండో వరుసలో నిలబడి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇంటర్నెట్ లేని రోజుల్లో శ్రీకాకుళంలోనో కడపలోనో ఇంగ్లిష్ లెక్చరర్‌గా పనిచేస్తూ అమెరికన్ నవలాకారుడు ఫాక్నర్ మీద పీహెచ్‌డీ చేయాలంటే కాలేజీ లైబ్రరీలో ఏం దొరికేది? నవల దొరికితే అదే భాగ్యం. దాని మీద వచ్చిన విమర్శ, ఆ నవల పుట్టిన మిసిసిపీ చరిత్ర, అక్కడి పత్తి చేలలో బానిసలు పడ్డ పాట్లు చదవాలంటే హైదరాబాద్ రైలెక్కాల్సిందే. స్టడీ గ్రాంటు మీద వచ్చి, కొన్నాళ్లుండి, నోట్సు రాసుకుని వెళ్లేవారు. దేశం నలుమూలల నుంచీ, పొరుగు దేశాల నుంచీ అలాగే వచ్చేవారు. లక్షకు మించిన పుస్తకాలున్న అలాంటి నిధి అమెరికా బయట చాలా అరుదు. చిన్న ఊరి అధ్యాపకుడికి పెద్ద యూనివర్సిటీ ఆచార్యుడితో సమానంగా అక్కడ కుర్చీ దొరికిందే, దాన్ని నేను అన్నిటికన్నా మిన్నగా తలుస్తాను.

ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో, అందులోనూ వియత్నాం మీద బాంబులు పడుతున్నప్పుడు, ఈ సెంటర్ అమెరికా ప్రచారానికి పెట్టిన కొట్టు అని అనుమానించినవారున్నారు. ఆ అనుమానం సహజమే. అయితే అమెరికాను శ్రద్ధగా చదివినవారికి ఎదురయ్యేది ఫ్రెడరిక్ డగ్లస్, డుబోయిస్, రిచర్డ్ రైట్, బాల్డ్విన్, ఆ తర్వాత టోనీ మారిసన్. సొంత దేశాన్ని బోనెక్కించి నిలదీసిన నల్లజాతి రచయితలు వీళ్లంతా. వీళ్లను చదివిన విద్యార్థి తన ఊరి వెలివాడ వైపు చూడకుండా ఎలా ఉంటాడు?

నిజానికి ఆ చూపు మనకు చాలా పాతది. జ్యోతిరావు ఫూలే 1873లో ‘గులామ్‌గిరి’ పుస్తకాన్ని, బానిసత్వాన్ని రద్దు చేయడానికి పోరాడిన అమెరికన్లకు అంకితమిచ్చారు. కొలంబియా యూనివర్సిటీలో చదువుకున్న అంబేడ్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు తమ పేరును అమెరికా నల్లజాతి యువకుల పాంథర్ సంఘం నుంచే తీసుకున్నారు. అమెరికా సమాజాన్ని బోధించడమంటే ఈ దారాలన్నిటినీ విద్యార్థి చేతికి అందించడం. అమెరికాలోని ఉటా నుంచి వచ్చి సెంటర్‌కు డైరెక్టర్‌గా పనిచేసిన విలియం ముల్డర్, పాపులర్ కల్చర్‌ను కూడా చదవదగ్గ విషయంగా నిలబెట్టిన ఉస్మానియా ఆచార్యుడు ఐజాక్ సెక్వేరా వంటివారికి ఈ సందర్భంలో నమస్కరించకుండా ముందుకు సాగలేను.

పుస్తకాల రాకపోకలు ఒకవైపే సాగలేదు. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద వచ్చిన గోధుమలకు మనం రూపాయల్లో చెల్లించిన సొమ్ములో కొంతతో 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకు పంపారు. వాటిలో తెలుగు పుస్తకాలూ ఓడలెక్కాయి. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. వాళ్లు మనల్ని, మనం వాళ్లని అచ్చు పుస్తకాల్లో వెతుక్కున్న కాలమది.

సెంటర్ పేరు ఒకటికి రెండుసార్లు మారింది. ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్. ఈ శుభవేళ ఆ సెంటర్ పెద్దలకు అభినందనలతో పాటు ఒక విన్నపం. మన ఊళ్ల నుంచి ఏటా వేలమంది పిల్లలు ఎమ్మెస్ చదువుకు విమానమెక్కుతున్నారు. ఐ-20 ఫారం, వీసా స్లాటు, అద్దె గది, పార్ట్‌టైమ్ పని వాళ్లకు కంఠతా వచ్చు. తాము ఉండబోయే వీధికి ఒకప్పుడు నల్లవారిని ఎందుకు రానివ్వలేదో, 1965 వలస చట్టం మన బోటివారికి తలుపులు ఎలా తెరిచిందో చెప్పేవారు లేరు. ప్రయాణానికి ముందు వేసవిలో నాలుగు వారాల కోర్సు, వీలైతే తెలుగులోనే, ఆ పఠనమందిరంలోనే పెట్టండి. పాఠాలు చెప్పడానికి అక్కడ చదివి రిటైరైన మాస్టార్లు ఎందరో సంతోషంగా వస్తారు.